మీసాల యొవనోవిచ్‌లు

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని సామెత. మా ఇంటిపేరు మీసాలవారు. మా ఇంట్లో గబ్బిలాలూ లేవు, మీసాలూ లేవు. మా నాన్నకి మొలవలేదు. నాకు మొలిచింది గాని నిలవలేదు. పెళ్ళిచూపుల రోజు పొద్దున్న ఎడమవైపు కాస్త ఎక్కువ తెగింది, దానికి సమానంగా కుడివైపు కత్తిరించబోయాను, రెండువైపులా న్యాయం జరిగేసరికి మీసం జరిగిపోయింది. అప్పటినుంచి “మీసాల గౌరీశ్వరరావునండి” అని పరిచయం చేసుకున్నప్పుడల్లా ఎదుటివాళ్ళు నా పెదవి మీద వెతుక్కుని, దొరక్క, చివరికి నా పొట్ట చూసి ఊరుకుంటారు. అది వెతక్కుండానే దొరుకుతుంది.

నేను జిల్లా క్రీడా వికాస మండలిలో సూపరింటెండెంటుని. పతకాలు తేవడం మా మండలి ఆశయం. పతకాలు ఎలాగూ రావు కనుక పథకాలు తెస్తాం. రెంటికీ తేడా పొట్టలో చిన్న చుక్క, అంతే. తీరిక దొరికితే పత్రికలకి హాస్యం రాస్తాను. తీరిక లేనప్పుడు నోటితోనే కానిస్తాను. నా సర్వీసు మొత్తంలో ఆఫీసులో నా జోకుకి ఒక్కరూ నవ్వలేదు. అది నాకు అలవాటే. కానీ ఈమధ్య ఒక జోకుకి నవ్వకపోగా, దాన్ని అమలు చేశారు.

అది ఇలా జరిగింది. మా డైరెక్టరు భానుమూర్తి గారు విదేశీ క్రీడావిధానాల అధ్యయనానికి సెర్బియా వెళ్ళారు. ప్రయాణం ఏర్పాట్లు నావే. దేశం పేరు విని, ఇదేదో సైబీరియాకి చుట్టం కాబోలని ఆయన చేత గొర్రెబొచ్చు కోటు కొనిపించాను. నిండు ఎండాకాలంలో ఆ కోటు మోసుకుంటూ ఊరంతా తిరిగొచ్చి కూడా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంత ఉత్సాహంగా ఉన్నారు. అప్పుడే నాకు భయం వేయాల్సింది.

వచ్చిన మర్నాడే సమావేశం పెట్టి, గోడమీద ప్రొజెక్టరుతో ఆటగాళ్ళ బొమ్మలు వేయించారు.

“ఈయన ఫుట్‌బాల్. ఇంటిపేరు యొవనోవిచ్. ఈమె హ్యాండ్‌బాల్. యొవనోవిచ్. ఈయన బాస్కెట్‌బాల్,” అని ఆగి మావైపు చూశారు.

“యొవనోవిచ్ సార్,” అన్నాం అందరం, ఎక్కాలు అప్పజెప్పినట్టు.

“ఇంతమందీ ఒకే కుటుంబమా అని అక్కడ అడిగాను. కాదట. ఒకరికొకరు ఏమీ కారట. దీన్నిబట్టి ఏం తేలింది? ప్రతిభ కుటుంబంలో లేదు. ఇంటిపేరులో ఉంది.”

వెనకవరసలోంచి పరుగు నేర్పే కూర్మారావు మాస్టారు చెయ్యెత్తారు. “ఆ దేశంలో ఆ ఇంటిపేరోళ్ళు ఎక్కువమంది ఉంటారేమో సార్.”

“ఆ కోణమూ పరిశీలించాను. మాకు ఊరు చూపించిన అమ్మాయే చెప్పింది, మా దగ్గర వీధికి పదిమంది యొవనోవిచ్‌లు ఉంటారండీ అని.” డైరెక్టరు గారు గది నలుమూలలా గర్వంగా చూశారు. “గమనించండి. వీధికి పదిమంది ఆటగాళ్ళు.”

యొవాన్ అనే ఆయన సంతానం అని ఆ ఇంటిపేరుకి అర్థమట. మనవైపు అప్పలస్వామి గారబ్బాయి అన్నంత మాట. మా ఊరి బస్టాండులో నిలబడి “అప్పలస్వామి గారబ్బాయీ” అని కేకేస్తే బస్సు బస్సంతా దిగుతుంది. ఈ సంగతి నాకు తట్టకపోలేదు. కానీ అంతకన్నా ముందు ఇంకోటి తట్టింది. పేరులో యౌవనం ఉంది, చివర ‘ఇచ్’ ఉంది, అంటే యౌవనం ఇచ్చే ఇంటిపేరు అని పక్కాయన చెవిలో చెప్పాను. ఆయన కుర్చీ జరుపుకున్నాడు.

“ఇప్పుడు ప్రశ్న,” అన్నారు డైరెక్టరు గారు. “మన జిల్లా యొవనోవిచ్ ఎవరు?”

ఇక్కడ నేను ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. లేచి నిలబడ్డాను.

“ఇంకెవరు సార్, మా మీసాలవాళ్ళే. కబడ్డీలో మీసాల, కుస్తీలో మీసాల, ఈ కుర్చీలో మీసాల.”

మా జిల్లాలో ముగ్గుర్ని పట్టుకుంటే ఒకడు మీసాలవాడు, మిగతా ఇద్దరు మీసాలవాళ్ళ అల్లుళ్ళు. కబడ్డీలో ఉన్నట్టే మావాళ్ళు ఆస్పత్రి వరండాలోనూ ఉంటారు, పేకాటలోనూ ఉంటారు. ఆ పేకాటలో ఓడిపోయేవాళ్ళలోనూ ఉంటారు. అందుకే అది జోకు. నవ్వుతారని కాసేపు ఆగాను. ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు గారు మాత్రం కలం మూత తీసి రాసుకున్నారు.

సర్క్యులర్ నా చేతే రాయించారు. “జిల్లా క్రీడాప్రతిభ మీసాల వంశ రక్తమునందు నిక్షిప్తమై యున్నట్లు అంతర్జాతీయ అధ్యయనము ద్వారా నిర్ధారణ అయినందున, ఇకమీదట రాష్ట్రస్థాయి పోటీలకు జిల్లా జట్టును సదరు వంశ సంజాతులనుండి మాత్రమే నియమించవలెను. ఎంపిక పందెములు అనవసర ప్రయాసగా భావించి రద్దు పరచడమైనది.” సర్క్యులర్ అంటే గుండ్రనిదని అర్థం. మధ్యలో ఎవరుంటే వాళ్ళని చుట్టుకుంటుంది.

మొదట నన్నే చుట్టుకుంది, దర్జీ టేపు రూపంలో. ప్రతి సిద్ధాంతానికీ ఒక నమూనా శరీరం ఉండాలట. ఆఫీసులో అందుబాటులో ఉన్న మీసాల శరీరం నాదే. డైరెక్టరు గారు స్వయంగా కొలిచారు. పిక్కల దాకా బాగానే ఉంది. నడుం దగ్గర టేపు రెండు కొసలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి గాని కలుసుకోలేదు.

“ఊపిరి బిగబట్టండి.”

“బిగబట్టే ఉన్నాను సార్.”

“చివరిసారి ఎప్పుడు పరిగెత్తారు?”

“క్యాంటీన్లో ఉప్మా అయిపోతోందని కబురొచ్చినప్పుడు సార్. అదీ మెట్ల దగ్గర ఆగిపోయాను.”

ఆయన నిరుత్సాహపడతారనుకున్నాను. మెచ్చుకోలుగా తలూపారు. “అంటే మీ ప్రతిభ ఇన్నేళ్ళలో ఏమాత్రం ఖర్చు కాలేదు. మొత్తం నిల్వ ఉంది.” ఆ రోజునుంచి నేను ‘నిద్రాణ ప్రతిభా నమూనా పురుషుడు’. ప్రతిభ సంగతి తెలియదు గాని నిద్ర సంగతి నిజమే.

నమూనా పురుషుడి ప్రత్యక్ష సంతానం కనుక మా అమ్మాయిని ఎనిమిది వందల మీటర్ల పరుగుకి జిల్లా తరఫున నియమించారు. దాని పేరు సుహాసిని. మీసాల సుహాసిని. ఇంటిపేరూ పేరూ ఒకే పెదవి మీద సర్దుకోవాలి. డిగ్రీ చదువుతోంది. వీధి చివర కొట్టుకి కూడా ఆటో దొరికితే బాగుండునని ఆలోచించే పిల్ల.

ఆర్డరు చదివి అది నావైపు చూసింది. “ఈ పరుగు అసలు ఎవరు పరిగెట్టాలి నాన్నా?”

“ఎవరో దుంపల నీలవేణి అట.”

“ఆ అమ్మాయి బాగా పరిగెడుతుందా?”

“ఆ సంగతి సర్క్యులర్ పరిధిలోకి రాదమ్మా.”

“మరి నేనెలా వచ్చాను పరిధిలోకి?”

“పుట్టావు కదా.”

మర్నాడు ఆ దుంపల నీలవేణిని వెంటబెట్టుకుని కూర్మారావు మాస్టారు నా బల్ల దగ్గరికి వచ్చారు. పొడుగాటి పిల్ల. చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. అందులోంచి నెత్తళ్ళ చేపల పులుసు వాసన వచ్చి నా ఫైళ్ళన్నిటినీ పలకరించింది.

“ఈ పిల్లని మించినోళ్ళు జిల్లాలో లేరు సార్,” అన్నారు మాస్టారు. “రాష్ట్రంలో మొదటి స్థానం వస్తే అకాడమీలో సీటిస్తారు. తిండి, చదువు, తర్ఫీదు అన్నీ వాళ్ళే చూస్తారు. పై ఏడాదికి వయసు దాటిపోద్ది. ఇదే ఆఖరి పాలి. లేకపోతే వాళ్ళమ్మ పనిచేసే జీడిపిక్కల ఫ్యాక్టరీలోనే కూర్చోబెట్టీస్తారు. మేస్త్రీ ఇప్పటికే రమ్మంటన్నాడు.”

నీలవేణి నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. మధ్యలో కాస్త ఎక్కువసేపు ఆగింది.

“ఈ సారేనేటి మాస్టారూ, నమూనా?”

“ఈయనే.”

“అయితే పర్నేదు. నాను ఓడిపోయింది ఈయన సేతిలోనన్నమాట. మాయమ్మకి సెప్తే నమ్మదు.”

నేను గొంతు సవరించుకుని, దత్తత వెళితే ఇంటిపేరు మారుతుంది గాని ఆ వయసు ఎప్పుడో దాటిపోయిందని వివరించాను. మాస్టారు మెల్లగా, “పోనీ మీసాలోళ్ళలో కుర్రోడెవడైనా ఉంటే... పెళ్ళయితే ఇంటిపేరు ఎలాగూ మారిపోద్ది గదా సార్,” అన్నారు.

“రెండు రౌండ్లు పరిగెట్టడానికి ఏడడుగులు నడవాలేటి మాస్టారూ?” అంది నీలవేణి. “ఒగ్గీయండి. నా పిక్కలు వొద్దంటన్నారు గదా, జీడిపిక్కల కాడికే పోతాను.” క్యారేజీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “ఈ మాటింటే మాయమ్మమ్మ నవ్వుతాది. ఆవిడ మీసాలోళ్ళ ఆడపడుచే.”

నేను లేచాను. కుర్చీ ఇరుకు కనుక నాతోపాటు అదీ లేచింది. “ఏమన్నావమ్మా?” అనేలోగా ఆ పిల్ల వీధి మలుపు తిరిగిపోయింది. ఫ్యాక్టరీ గేటు మూసేస్తారని పరుగట. నేల మీద ఒక్క పులుసు చుక్క పడలేదు. నేను ముందుగా చూసింది దాన్నే.

కుర్చీ వదిలించుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళాను.

“సార్, సర్క్యులర్‌లో రక్తం అని రాశాం. పెళ్ళయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది గాని రక్తం మారదు కదండీ.”

“మీరు వాదిస్తున్నారా, నివేదిస్తున్నారా?”

“నివేదిస్తున్నాను సార్.”

“అయితే వినవచ్చు.” కళ్ళు మూసుకుని ఆలోచించారు. “సదరు అమ్మమ్మను భౌతికంగా హాజరుపరచండి. పిక్క పరిశీలించాలి.”

సదరు అమ్మమ్మ పేరు అసిరమ్మ. చేతికర్రతో ఆటో దిగింది, పక్కన నీలవేణి. డైరెక్టరు గారు టేపు విప్పుకుని, “అమ్మా, దయచేసి ఒకసారి ఎడమకాలు...” అన్నారో లేదో, కర్ర నేలమీంచి లేచింది.

“కాలు సూపించమంతావేటి? నా పెళ్ళిసూపుల్లోనే సూపించనేదు.”

డైరెక్టరు గారు బల్ల అవతలికి వెళ్ళి, ‘ప్రతిస్పందన వేగం అసాధారణం’ అని రాసుకున్నారు. అక్కణ్ణుంచే అడిగారు. “మీ పుట్టింటివారి పరుగు సంప్రదాయం గురించి సభకు తెలియజేయండి.”

“మీసాలోళ్ళు పరిగెట్టడం నాను ఒక్కపాలే సూసినాను,” అంది అసిరమ్మ, కర్రతో నన్ను చూపిస్తూ. “ఈడి అయ్య సన్నాసప్పడు. దున్నపోతు ఎంటబడితే పరిగెట్టినాడు. అప్పుడు కూడా దున్నే గెలిసినాది.”

నేను పైకప్పు చూశాను. ఆవిడ వదల్లేదు.

“ఒరే గౌరీసూ, మీ అయ్యా నానూ అన్నదమ్ముల పిల్లలం. నీకు మేనత్తని. దీని తల్లి నీకు మరదలు. అంటే ఇది నీకు కూతురు వరస. కూతుర్ని జీడి ఫ్యాక్టరీకి అంపీసి, నువ్వు నమూనానని ఇక్కడ కూకుంతావేటి?”

వరస కలిస్తే ఇక వాదన ఉండదు. నీలవేణి నావైపు చూసి, “పెదనాన్నా,” అంది. ఎగతాళిగానే అంది. అయినా ఎక్కడో తగిలింది.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. దుంపల నీలవేణి ‘మాతామహీ మార్గేణ మీసాల’గా గుర్తించబడినది.

కథ సుఖాంతం అనుకున్నాను. నా లెక్కలెప్పుడూ అంతే. ముగ్గురిలో ఇద్దరు మీసాలవాళ్ళ అల్లుళ్ళని నేనే చెప్పాను కదా. మర్నాటినుంచి జిల్లాలో ఉన్న అమ్మమ్మలూ నాయనమ్మలూ అందరూ మా ఆఫీసు మీద పడ్డారు. ఆటోల్లో వచ్చారు, ట్రాక్టర్లలో వచ్చారు, ఒకావిడ మనవడి వీపుమీద వచ్చి, ఈడు బరువులెత్తుతాడు బాబూ, రుజువు నేనే అంది. వరండాలో చుట్ట పొగా, వరసలు కలుపుకునే గోలా. వారం తిరిగేసరికి దర్జీ టేపు మీద అంకెలు చెరిగిపోయాయి, జిల్లాలో మీసాల కానివాడంటూ మిగల్లేదు. ఇంతమందిలో జట్టుకి ఎవర్ని తీసుకోవాలి?

“పరిగెట్టించి సూద్దాం సార్,” అన్నారు కూర్మారావు మాస్టారు.

డైరెక్టరు గారు చాలాసేపు ఆలోచించి ఆమోదించారు. దానికి ‘ద్వితీయ దశ శాస్త్రీయ వడపోత’ అని పేరు పెట్టారు. పోయిన ఏడాది దాకా మేము దాన్ని పరుగుపందెం అనేవాళ్ళం.

“కానీ,” అన్నారు సంతకం పెట్టబోతూ, “నమూనా పురుషుని ప్రత్యక్ష సంతానానికీ, మాతామహీ మార్గం వారికీ తేడా ఉండాలి కదా. అందరినీ ఒకే గీత మీద నిలబెడితే సిద్ధాంతం గౌరవం ఏం కావాలి?”

నాకు చిరాకు వచ్చింది. చిరాకు వస్తే నాకు జోకు వస్తుంది. “అయితే మొదటి రౌండు మా తాతలు పరిగెత్తేశారనుకుందాం సార్.”

ఆయన నవ్వలేదు. కలం మూత తీశారు.

“నమూనా పురుషుని ప్రత్యక్ష సంతానమునకు మొదటి రౌండు పూర్వీకులచే పూర్తి చేయబడినట్లు పరిగణించబడును.” అంటే ఎనిమిది వందల మీటర్లలో నీలవేణి మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తాలి. మా సుహాసినికి ఒకటి చాలు. ఎంత నిదానంగా పరిగెత్తినా గెలుస్తుంది. “మీ అమ్మాయికి అకాడమీ సీటు ఖాయం. ఇంట్లో చెప్పండి,” అన్నారు డైరెక్టరు గారు నా భుజం తట్టి.

జోకు అన్నది వెనక్కి తీసుకునే వస్తువు కాదు. నేను అది జోకని చెప్పాను కూడా. “హాస్యానికి ఈ కార్యాలయంలో పద్దు లేదు,” అన్నారాయన. ఇంటికెళ్ళి సుహాసినికి చెప్పాను. అది కొత్త బూట్లకి తాళ్ళు ఎక్కించుకుంది. హాస్టలు, చదువు, ఉద్యోగం అన్నీ ఒక్కసారి నా కళ్ళముందు తిరిగాయి. కూతుళ్ళు ఇద్దరైనప్పుడు తండ్రి కన్ను ఒకవైపే వాలుతుందని ఆ రాత్రి భోజనం దగ్గర నాకు అర్థమైంది. అన్నం మాత్రం మామూలుగానే తిన్నాను.

పందెం రోజు మైదానం గట్టుమీద అమ్మమ్మలందరూ బారుగా కూర్చున్నారు. విజిల్ ఊదగానే నీలవేణి గాల్లో కలిసిపోయింది. మా సుహాసిని అందరికన్నా చివర, కానీ ఆగకుండా పరిగెత్తింది. నాకు ఆశ్చర్యమే. నీలవేణి ఒక రౌండు ముగించి రెండోది సగం దాటేసరికి మా అమ్మాయి గీతకి పదడుగుల దూరానికి వచ్చింది. మైకులో డైరెక్టరు గారి గొంతు మోగుతోంది. “నమూనా సంతానము విజయమును సమీపించుచున్నది.”

విజయాన్ని సమీపించి, సుహాసిని కూర్చుంది. పరుగుదారి మధ్యలో బాసిపట్లు వేసుకుని బూటు తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టింది.

“సదరు అభ్యర్థిని వెంటనే లేవవలెను,” అంది మైకు.

నేను పరిగెత్తాను. నిజంగా పరిగెత్తాను. ఇన్నేళ్ళ నిల్వ సరుకంతా ఆ ఒక్క పరుగుకి ఖర్చయిపోయింది. అసిరమ్మ గట్టుమీంచి “దున్న ఎక్కడరా?” అని కేకేసింది. వగర్చుకుంటూ సుహాసిని దగ్గర కూలబడ్డాను.

“అలిసిపోయావా తల్లీ?”

“లేదు నాన్నా. ఈ గీత దాటానంటే మీవాళ్ళు నన్ను గెలిపించేస్తారు.”

దాని పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. వెనకనుంచి అడుగుల చప్పుడు వినిపించింది.

“పెదనాన్నా, కాలు తియ్,” అంది నీలవేణి. తీశాను. ఆ పిల్ల గీత దాటిపోయింది. జిల్లా క్రీడారంగానికి నేను చేసిన సేవ ఏదైనా ఉంటే, ఆ కాలు తీయడమే.

డైరెక్టరు గారు సర్క్యులర్ తిరగేసి మరగేసి చూశారు. పూర్తికాని పరుగుకి పూర్వీకుల రౌండు ఎక్కడ కలపాలో అందులో లేదు.

రాష్ట్ర పోటీల్లో నీలవేణికి మొదటి స్థానం వచ్చింది, అకాడమీలో సీటూ వచ్చింది. జీడి ఫ్యాక్టరీ మేస్త్రీ ఆ కూర్చునే పీట ఇంకెవరికో ఇచ్చేశాడట. మా మండలి సన్మానం ఏర్పాటు చేసింది. వేదిక వెనక గుడ్డమీద పెద్ద మీసం బొమ్మ వేయించారు. డైరెక్టరు గారు రక్తం గురించి అరగంట మాట్లాడి, “ఇప్పుడు విజేత స్వయంగా తన వేగానికి మూలకారణం ఏమిటో చెబుతుంది,” అని మైకు ఇచ్చారు.

నీలవేణి మా వైపు చూసింది. సుహాసిని ముందువరసలో కూర్చుని చప్పట్లు కొడుతోంది.

“ఏముందండి. మాయమ్మకి కూడట్టుకెల్లాల. పన్నెండయితే ఫ్యాక్టరీ గేటు మూసెత్తారు. సిన్నప్పట్నుంచీ క్యారేజీ అట్టుకుని రోజూ పరుగే. పులుసు ఒలికితే అమ్మ తిడతాది.”

జనం నవ్వారు. డైరెక్టరు గారు నవ్వలేదు. ఆయన ముఖంలో నాకు బాగా పరిచయమైన వెలుగు కనిపించింది. కలం మూత తీశారు.

మీసాల సర్క్యులర్ రద్దయింది. నా నమూనా పదవీ పోయింది. దాని స్థానంలో, జిల్లాలోని క్రీడాకారులందరూ ఇకమీదట మూడు గిన్నెల క్యారేజీ చేతబట్టి, ద్రవరూప పదార్థము ఒలకకుండా సాధన చేయవలెనని ఉత్తర్వు వచ్చింది. ఈతగాళ్ళు మూత గట్టిగా ఉన్నది వాడవలెను. సమావేశం చివర డైరెక్టరు గారు నావైపు తిరిగి, “గౌరీశ్వరరావు గారూ, మీ సూచన ఏమైనా?” అన్నారు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. నాలుక చివరికి ఒక జోకు వచ్చి నిలబడింది. చాలా మంచి జోకు. కూర్మారావు మాస్టారు దూరంనుంచి నాకు దణ్ణం పెట్టారు. మింగేశాను. నోరు మూసుకున్నాను.

పరిశీలన నిమిత్తం నమూనా క్యారేజీని నా బల్లమీదే పెట్టారు. మొదటి గిన్నెలో అన్నం, రెండోదాంట్లో నెత్తళ్ళ పులుసు, మూడోదాంట్లో ఏముందో ఉత్తర్వులో లేదు. పన్నెండు దాకా నేను నోరు తెరవలేదు. ఆ తర్వాత, ప్రజాప్రయోజనం దృష్ట్యా, తెరిచాను.